స్టాఫ్ నర్స్ పరీక్ష: విప్పే వరుసలోనే తడబాటు
పీపీఈ తొడిగే వరుస చాలామందికి కంఠతా వచ్చు: గౌను, మాస్కు, గాగుల్స్, చివరగా గ్లౌజులు. మార్కులు పోయేది విప్పే దగ్గరే. ఎక్కువ మురికయ్యేవి గ్లౌజులు కాబట్టి ముందు అవే. తర్వాత గాగుల్స్, గౌను. ఎన్‌95 మాస్కు మాత్రం రోగి గది దాటాకే. మొదటి గ్లౌజును మణికట్టు దగ్గర బయటివైపు పట్టి లాగి, రెండో చేతి గుప్పిట్లో ఉంచుకోవాలి. ఇప్పుడు వట్టి వేలిని రెండోదాని అంచు లోపలికి దూర్చి తిరగేస్తే, మొదటిది అందులోనే మూటలా చుట్టుకుపోతుంది. గ్లౌజులు వేసుకున్నాం కదా అని చేతులు కడగడం మానకూడదు.

క్షయ, తట్టు, ఆటలమ్మ గాలి ద్వారా సోకుతాయి. అలాంటి రోగుల దగ్గర వాడే ఎన్‌95లో 95 అంటే 0.3 మైక్రాన్ల కణాల్లో కనీసం 95 శాతాన్ని ఆపుతుందని. పట్టీలు వదులైతే ఆ అంకె కాగితం మీదే.

చేతుల శుభ్రతకు డబ్ల్యూహెచ్‌ఓ ప్రకారం ఆల్కహాల్ హ్యాండ్‌రబ్‌తో 20-30 సెకన్లు, సబ్బు నీళ్లతో 40-60. సి. డిఫిసిల్ విరేచనాల రోగి దగ్గర మాత్రం సబ్బే. దాని స్పోర్లు ఆల్కహాల్‌కు చావవు.

2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లో సూదులకు తెల్ల డబ్బా, గ్లౌజులకు ఎర్ర సంచి, రక్తం అంటిన దూదికి పసుపు సంచి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టాలనే ఆప్షన్ కనబడితే ఆలోచించకుండా కొట్టేయండి.