తొలి దూరదర్శన్ వార్తాస్వరం – శాంతిస్వరూప్

పాఠ్యభాగ పరిచయం

ఇది జీవితచరిత్ర ప్రక్రియకు చెందిన వ్యాసం. తెలుగులో టెలివిజన్ వార్తలను తొలిసారిగా చదివిన శాంతిస్వరూప్ వృత్తిజీవితం ఇందులోని ప్రధాన విషయం. వార్తాపాఠకుడు చదివే మాటలు అతని సొంతం కావు. అయినా ఆ మాటలను ప్రజలు విశ్వసించాలంటే అతనికి భాషాజ్ఞానం, సాధన, నిగ్రహం ఉండాలి. ఈ సత్యాన్ని విద్యార్థులకు తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

హైదరాబాదు నగరానికి తూర్పున, అంబర్‌పేట నుంచి ఉప్పల్ చౌరస్తాకు వెళ్లే దారిలో రామంతాపూర్ ఉంది. చౌరస్తా నుంచి ఒక దారి వరంగల్లు వైపు, మరొకటి హబ్సిగూడ వైపు సాగుతాయి. హబ్సిగూడకు చేరువలోనే నాచారం ఉంది. ఉప్పల్, నాచారం పేర్లు చెప్పగానే పారిశ్రామికవాడలు గుర్తుకు వస్తాయి. కాని ఈ తూర్పు ప్రాంతానికి మరొక విశిష్టత కూడా ఉంది. ఎన్.టి. రామారావు రామకృష్ణ సినీ స్టూడియోను నెలకొల్పింది నాచారంలోనే. దూరదర్శన్ కేంద్రం వెలసింది ఉప్పల్‌కు ఆనుకొని ఉన్న రామంతాపూర్‌లోనే. నేటికీ ఆ పరిసరాల ప్రజలు దానిని ‘టీవీ స్టేషన్’ అనే వ్యవహరిస్తారు. తెలుగువారి ఇళ్లలోకి తొలి తెలుగు టెలివిజన్ వార్తలను చేరవేసింది హైదరాబాదు దూరదర్శన్. ఆ వార్తలను చదివిన కంఠం శాంతిస్వరూప్‌ది.

టెలివిజన్‌కు పూర్వం తెలుగువారికి వార్తలు వినిపించిన సాధనం రేడియో. హైదరాబాదులో నిజాం కాలంలోనే, 1935లో, దక్కన్ రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. 1950లో ఆ కేంద్రం ఆకాశవాణిలో భాగమైంది. ఢిల్లీ నుంచి, ప్రాంతీయ కేంద్రాల నుంచి వచ్చే తెలుగు వార్తలను పల్లెల్లో పంచాయతీ కార్యాలయాల వద్ద, పట్టణాల్లో హోటళ్ల ముందు గుమిగూడి వినేవారు. ముఖం తెలియకపోయినా కంఠాన్ని బట్టి పాఠకుణ్ణి గుర్తుపట్టేవారు. తెలుగులో వార్తాపఠనకళకు తొలి పాఠశాల ఆకాశవాణియే.

మన దేశంలో టెలివిజన్ ప్రసారాలు 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ప్రారంభమయ్యాయి. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఒక ఉపగ్రహం సహాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు విద్యా, వ్యవసాయ కార్యక్రమాలను ప్రసారం చేశారు. ఆ గ్రామాలలో ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా ఉన్నాయి. అటుపిమ్మట 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. కార్యక్రమాలు వచ్చాయి గాని, తెలుగు వార్తల కోసం ప్రేక్షకులు మరి కొన్నేళ్లు వేచి ఉండవలసి వచ్చింది.

శాంతిస్వరూప్ 1978లో దూరదర్శన్ ఉద్యోగంలో చేరారు. ఆ తరువాత ఐదేళ్లకు, 1983 నవంబరు 14న, బాలల దినోత్సవం నాటి సాయంకాలం ఆయన తెలుగులో తొలి టెలివిజన్ వార్తలు చదివారు. అంతకు ముందు తెలుగులో ఆ పని చేసినవారు ఎవరూ లేరు. ఎలా కూర్చోవాలి, ఎటు చూడాలి, ఏ వార్తకు ఎంత స్వరం చాలు అనే ప్రశ్నలకు జవాబు చెప్పగల పూర్వానుభవం తెలుగు తెరకు లేదు. తొలి బాట వేసేవాడికి అడుగుజాడలు ఉండవు కదా!

రేడియో పాఠకుడు చేతిలోని కాగితం మీద చూపు నిలిపి చదివినా శ్రోతకు తెలియదు. టెలివిజన్‌లో ఆ వెసులుబాటు లేదు. తల వంచి చదివితే ప్రేక్షకుడికి పాఠకుని కళ్లు కనిపించవు. కళ్లలోకి చూడకుండా మాట్లాడేవాడి మాటపై మనకు నమ్మకం కుదరదు. ఈ ఇబ్బందిని తొలగించే సాధనం టెలిప్రాంప్టర్. కెమెరా కటకానికి ఎదురుగా వాలుగా అమర్చిన గాజుపలకపై అక్షరాలు ప్రతిఫలిస్తాయి. పాఠకుడు వాటిని చదువుతూ ఉంటే ప్రేక్షకునికి తననే చూస్తున్నట్లు తోస్తుంది. శాంతిస్వరూప్ వార్తలు చదవడం ఆరంభించిన నాడు ఆ సాధనం లేదు. సుమారు పదేళ్లపాటు ఆయన కాగితాలపై ఉన్న వార్తలను ముందుగా మనస్సుకు పట్టించుకొని, కెమెరా వైపు చూస్తూ చదివారు.

ఇది కేవలం జ్ఞాపకశక్తికి సంబంధించిన విషయం కాదు. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. ‘కార్మికుల కోరికలను అంగీకరిస్తున్నట్లు యాజమాన్యం ప్రకటించింది’ అన్నా, ‘ప్రకటించలేదు’ అన్నా, చివరి పదం వరకు రెండు వాక్యాలూ ఒక్కటే. పాఠకుడు ఆ చివరి పదాన్ని తడబడి పలికినా, శ్వాస చాలక మింగివేసినా అర్థమే తలకిందులవుతుంది. వార్తాసంస్థల నుంచి ఆంగ్లంలో వచ్చిన సమాచారాన్ని తెలుగులోకి మార్చేటప్పుడు వాక్యం మరింత పొడవయ్యే ప్రమాదం ఉంది. అందువల్ల వార్తలకు చిన్న వాక్యాలు అవసరం. పాఠకుడు ఏ వాక్యం ఎక్కడ ముగుస్తుందో ముందే తెలుసుకొని ఉండాలి. అర్థం గ్రహించినవాడికే వాక్యం జ్ఞాపకం ఉంటుంది. అర్థం తెలియకుండా కంఠస్థం చేసినవాడు ఒక పదం మరచిపోతే మొత్తం మరచిపోతాడు.

ఉచ్చారణ మరొక పరీక్ష. శ, ష, స ల భేదం, ల, ళ ల భేదం, ఒత్తక్షరాల స్పష్టత వార్తాపఠనంలో తప్పనిసరి. విదేశీ నగరాల పేర్లు, నాయకుల పేర్లు, లక్షలు, కోట్లలో వచ్చే సంఖ్యలు ఎంతటివారినైనా తడబడజేస్తాయి. పైగా శ్రీకాకుళం శ్రోతకూ, ఆదిలాబాదు శ్రోతకూ, అనంతపురం శ్రోతకూ ఒకే భాష అర్థం కావాలి. ఏ ప్రాంతపు పలుకుబడినీ చిన్నబుచ్చకుండా, అందరికీ ఆమోదయోగ్యమైన భాషలో వార్త చెప్పడం ఆనాటి ఏకైక తెలుగు టెలివిజన్ కేంద్రం మీద ఉన్న బాధ్యత. శాంతిస్వరూప్ స్పష్టమైన ఉచ్చారణతో, తొణకని స్వరంతో ఆ బాధ్యతను నెరవేర్చారు.

ఆనాటి ప్రేక్షకుల పరిస్థితిని కూడా గుర్తుచేసుకోవాలి. వీధిలో ఒకటి రెండు ఇళ్లలో మాత్రమే టెలివిజన్ ఉండేది. బొమ్మ సరిగా రాకపోతే ఒకరు మిద్దె ఎక్కి యాంటెన్నాను తిప్పుతూ ఉంటే, కింది నుంచి మరొకరు ‘వచ్చింది, వచ్చింది’ అని కేకవేసేవారు. శుక్రవారం సాయంకాలం ‘చిత్రలహరి’ కోసం ఇరుగుపొరుగు పిల్లలు, పెద్దలు ఒకేచోట చాపలు పరచుకొని కూర్చునేవారు. మార్చి చూడడానికి మరొక తెలుగు చానల్ లేదు. అందుచేత వార్తలు చదివే వ్యక్తి కుటుంబసభ్యునివలె ప్రతి ఇంటికీ పరిచితుడయ్యాడు.

అయితే ఈ ఏకైక స్థానానికి ఒక పరిమితి కూడా ఉంది. 1997లో ప్రసారభారతి ఏర్పడే వరకు దూరదర్శన్ నేరుగా ప్రభుత్వ శాఖ అధీనంలో ఉండేది. ప్రభుత్వానికి అనుకూలమైన వార్తలకే ప్రాధాన్యం లభిస్తున్నదనే విమర్శ అప్పట్లో బలంగా వినిపించేది. ఏ వార్త ముందు రావాలి, ఏది రాకూడదు అని నిర్ణయించేది పాఠకుడు కాడు. తనది కాని వాక్యాన్ని తన ముఖంతో, తన కంఠంతో పలకవలసిన వృత్తి అది. అటువంటి వృత్తిలో అతని చేతిలో ఉన్నది ఒక్కటే: వార్తకు తన ఇష్టానిష్టాలను జోడించకుండా ఉండడం. దుర్వార్తను నాటకీయం చేయకుండా, శుభవార్తకు పొంగిపోకుండా చదవడం ఈ కోవలోనిదే.

మరి తన సొంత మాట చెప్పుకోవడానికి శాంతిస్వరూప్ ఏ మార్గం ఎంచుకున్నారు? ఆయన నవలలు రచించారు. 1984 డిసెంబరులో వేలాది ప్రాణాలను బలిగొన్న భోపాల్ విషవాయు దుర్ఘటన ఆధారంగా ‘రాతిమేఘం’ రచించారు. క్రికెట్‌పై ‘క్రేజ్’, సతీసహగమన దురాచారానికి వ్యతిరేకంగా ‘అర్ధాగ్ని’ ఆయన ఇతర నవలలు. వార్తల బల్ల వద్ద దాచుకున్న స్పందనకు నవల చోటు కల్పించింది. వార్తకూ అభిప్రాయానికీ నడుమ గీత ఎక్కడ గీయాలో ఈ రెండు పాత్రలను పక్కపక్కన ఉంచి చూస్తే బోధపడుతుంది.

ఆయన సతీమణి రోజారాణి కూడా దూరదర్శన్‌లో వార్తలు చదివారు. 1995లో ప్రైవేటు తెలుగు చానళ్లు రంగప్రవేశం చేశాయి. తరువాతి కాలంలో ఇరవైనాలుగు గంటల వార్తాచానళ్లు పుట్టుకొచ్చాయి. వేగం పెరిగింది, స్వరాలూ హెచ్చాయి. ఈ మార్పులన్నిటినీ చూస్తూ శాంతిస్వరూప్ 2011లో పదవీవిరమణ చేశారు. 2024 ఏప్రిల్ 5న హైదరాబాదులో కన్నుమూశారు. ఆ వార్తను డజన్ల కొద్దీ తెలుగు చానళ్లు చదివాయి. 1983లో ఒంటరిగా మొదలైన కంఠానికి వారసులు ఎంతమంది అయ్యారో ఆనాడు తెలిసింది.

నేడు ప్రతి విద్యార్థి చేతిలోని ఫోనూ ఒక ప్రసారకేంద్రమే. అందిన సమాచారాన్ని క్షణంలో పదిమందికి పంపగలం. ఆ క్షణంలో మనమూ పరుల మాటకు కంఠం ఇస్తున్నాం. కనుక చదివి అర్థం చేసుకున్న తరువాతనే పలకాలి, చివరి పదం వరకు చూచిన తరువాతనే నమ్మాలి అనే వార్తాపాఠకుని నియమం ఇప్పుడు మనందరికీ వర్తిస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు

నిగ్రహం = అదుపు
కటకం = కెమెరా ముందుభాగంలోని వంపు గాజు
వెసులుబాటు = సౌకర్యం, వీలు
కంఠస్థం = నోటికి వచ్చేటట్లు నేర్చుకొన్నది
పరిచితుడు = తెలిసినవాడు
తొణకని = చలించని
కోవ = వరుస, తరగతి

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. టెలిప్రాంప్టర్ లేని కాలంలో వార్తాపఠనం ఎందుకు కష్టమైనదో పాఠం ఆధారంగా వివరించండి.
2. ‘తనది కాని వాక్యాన్ని తన కంఠంతో పలకవలసిన వృత్తి’ అనే మాటను శాంతిస్వరూప్ జీవితంతో సమన్వయించండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. తెలుగు వాక్యనిర్మాణానికీ, వార్తాపఠనానికీ గల సంబంధం ఏమిటి?
2. శాంతిస్వరూప్ నవలల ఇతివృత్తాలను పేర్కొనండి.

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ఎప్పుడు ప్రారంభమైంది?
2. శాంతిస్వరూప్ తొలిసారి వార్తలు చదివిన తేదీ ఏది?
3. దక్కన్ రేడియో ఏ సంవత్సరంలో ఆకాశవాణిలో భాగమైంది?

వ్యాకరణం

సంధులు
ఇష్టానిష్టాలు = ఇష్ట + అనిష్టాలు – సవర్ణదీర్ఘ సంధి
దినోత్సవం = దిన + ఉత్సవం – గుణసంధి

సమాసాలు
వార్తాపఠనం – వార్తల యొక్క పఠనం – షష్ఠీ తత్పురుష సమాసం
ఇరుగుపొరుగు – ఇరుగు మరియు పొరుగు – ద్వంద్వ సమాసం

భాషాకృత్యం

ఆనాటి దినపత్రికలోని ఒక వార్తను ఎంచుకొని, దానిని చిన్న వాక్యాలలో తిరిగి రాయండి. అర్థం గ్రహించి, కాగితం చూడకుండా తరగతి గదిలో చదివి వినిపించండి. విన్నవారు వార్తలోని ముఖ్యాంశాలను తిరిగి చెప్పగలిగారో లేదో గమనించండి.