కోడింగ్‌కు ముందు ఎనిమిదో ఎక్కం



పేరెంట్స్ మీటింగ్‌లో ఎక్కువగా వినిపించే ప్రశ్న: "పిల్లలకు కోడింగ్ ఎప్పుడు మొదలుపెట్టించాలి?" ఈ నెల పాఠం దాని గురించే.

మన అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఎలక్ట్రానిక్స్ చదివిన అన్నయ్యలను, అక్కయ్యలను అడగండి, 8085 పేరు చెబుతారు. అది ఇంటెల్ కంపెనీ 1976లో తెచ్చిన మైక్రోప్రాసెసర్. ల్యాబ్‌లో ప్రతి ఆదేశానికీ కోడ్ ఏమిటో షీటులో వెతికి, కిట్ మీద ఆ అంకెలు నొక్కాలి. ఆ వెతుకులాట మనకు తప్పించే ప్రోగ్రామే అసెంబ్లర్. అంకెను చూసి ఆదేశాన్ని తిరిగి చెప్పేది డిస్‌అసెంబ్లర్.

ఇవి లోపల చేసేది మన పిల్లల లెక్కే. 8085లో సంఖ్యలు దాచుకునే గదులను రిజిస్టర్లు అంటారు. వాటికి నంబర్లుంటాయి: బి 0, సి 1, డి 2, ఈ 3, హెచ్ 4, ఎల్ 5, ఏ 7. "ఒక సంఖ్యను ఈ గదిలో పెట్టు" అనే ఆదేశం పేరు ఎం.వి.ఐ. దాని కోడ్ కావాలంటే గది నంబరును 8తో గుణించి 6 కలపాలి. ఏ గదికి 7×8+6=62. ఇదే అసెంబ్లర్ పని.

ఇక వెనక్కి వెళ్దాం. 62 కొబ్బరికాయలను ఎనిమిదేసి చొప్పున వరుస పెడితే 7 వరుసలు, 6 కాయలు మిగులు. 7 అంటే ఏ గది, మిగులు 6 అంటే ఎం.వి.ఐ. ఇది డిస్‌అసెంబ్లర్ పని.

పాత ప్రాసెసర్ల మీద ఇష్టమున్నవాళ్లు ఇలాంటి పనిముట్లను ఫోర్త్ అనే భాషలో సరదాగా రాసుకుంటారు. 1970 ప్రాంతంలో చార్ల్స్ మూర్ తయారుచేసిన భాష అది. అందులో పని చెప్పే మాట చివర వస్తుంది. మామూలు అసెంబ్లీ భాషలో "ఎం.వి.ఐ. ఏ, 5" అని రాస్తే, ఫోర్త్ అసెంబ్లర్‌లో "5 ఏ ఎం.వి.ఐ." అని రాయవచ్చు. అంటే "5ని ఏలో పెట్టు". అచ్చం మన తెలుగు వాక్యమే! సంఖ్య, గది ముందే చేతిలో ఉంటాయి కాబట్టి ఎం.వి.ఐ. వచ్చేసరికి గుణించి, కలిపి, మెమరీలో రాసేయడమే మిగులుతుంది. అందుకే 8085కి ముందుతరమైన 8080 లాంటి ప్రాసెసర్‌కు అసెంబ్లర్ మొత్తం కొద్ది పేజీల్లో సరిపోతుంది.

ఖరీదైన కోడింగ్ కోర్సు కొనే ముందు రెండు విషయాలు చూడండి. మీ అమ్మాయికి, అబ్బాయికి శేషంతో భాగహారం తడబడకుండా వస్తోందా? ఒక పనిని వరుస తప్పకుండా తెలుగులో చెప్పగలరా? ఇంగ్లీషు మీడియం కదా అని ఇంట్లో తెలుగు మాన్పించకండి. ఆ వాక్యక్రమం కూడా ఆలోచనకు పనిముట్టే.

ఇంట్లో చేయించండి: 14, 30 కోడ్‌లు ఏ గదులవి? (జవాబులు: సి, ఈ.) జవాబుతో సరిపెట్టకండి, ఎలా వచ్చిందో మీకు చెప్పమనండి.