సెనేటర్ రీలుకు ముందు ఏం మార్చాలి

లాంగ్ బీచ్

కార్తీక్,

ఫోటోలూ, నువ్వు కొనాలనుకుంటున్న సామాన్ల జాబితా చూశాను. గరాజ్ సేల్లో దొరికిన పాత సెనేటర్ గాలం రీలుకి ఇంత హంగామానా అని అత్తయ్య నవ్వింది. నవ్వితే నవ్వనీ. ఫిలడెల్ఫియాలో ఒట్టో హెంజ్ 1932లో పెట్టిన పెన్ కంపెనీ 1936లో సెనేటర్లు తెచ్చింది. పాతవాటికి ఇప్పటికీ విడిభాగాలు దొరుకుతున్నాయంటే ఆ రీలు మీద జనానికి ఎంత నమ్మకమో చూడు. మన కాలిఫోర్నియాలోనే కార్ల్ న్యూయెల్ అనే ఆయన తొలుత పెన్ రీళ్లకు అల్యూమినియం స్పూళ్లు, బార్లు చేసి అమ్మాడు, సొంత రీళ్లు తీసింది ఆ తర్వాతే. పాత రీలుకి కొత్త భాగాలు వేద్దామని నీకొచ్చిన ఆలోచన కొత్తదేం కాదులే.

కానీ నీ జాబితా తలకిందులుగా ఉందిరా. చేప లాగినప్పుడు ఆ బరువు తాడు నుంచి స్పూలుకు, అక్కణ్ణించి పినియన్‌కు, పెద్ద గేరుకు, డ్రాగ్ వాషర్లకు, స్లీవుకు, చివరికి వెనక్కి తిరగకుండా ఆపే డాగ్‌కు చేరుతుంది. అదంతా మోసేది ఫ్రేము. నువ్వేమో ముందు డ్రాగ్ బిగువు పెంచుతానంటున్నావు. అప్పుడు బేకలైట్ పక్కపలకలు, వాటిని పట్టుకున్న బార్లు కాస్త మెలి తిరుగుతాయి. గేరు పళ్లు సగం సగం కరుచుకుని జారతాయి. ఇన్నేళ్లు మిషన్ షాపులో పనిచేసినవాణ్ణి, అరిగిన పన్ను చూస్తే ఏ వైపు నుంచి బరువు పడిందో చెప్పగలను. నీ మూడో ఫోటోలో గేరు పళ్లు ఒక అంచునే మెరుస్తున్నాయి. పాత యజమాని చేసిన పని అదే అయ్యుంటుంది.

అందుకని ముందు చవకైన పని చెయ్. రీలు పూర్తిగా విప్పి కిరసనాయిల్లో కడుగు. డాగ్ స్ప్రింగ్ చూడు. అది విరిగితే హ్యాండిల్ వెనక్కి తిరిగి వేళ్ల కణుపులు పగలగొడుతుంది. పాత డ్రాగ్ వాషర్లు తీసేసి కార్బన్ ఫైబర్‌వి వెయ్. వాటికి డ్రాగ్ కోసం చేసిన గ్రీజే పల్చగా రాయి, మామూలు బేరింగు గ్రీజు వద్దు. గ్రీజు ఉంటే ఉప్పునీరు లోపలికి దిగదు, డ్రాగ్ కదలడం మొదలైనప్పుడు కుదుపూ రాదు.

స్పూలు సంగతికొస్తే, క్రోమ్ పూసిన ఇత్తడి స్పూలు బరువు. ట్రోలింగుకైతే ఫరవాలేదు. ఎర విసరాలంటే అది చక్రంలా ఆగకుండా తిరిగి తాడంతా పిచ్చుకగూడు చేస్తుంది. ప్లాస్టిక్ స్పూలు మాత్రం వద్దే వద్దు. సాగిన నైలాన్ తాడు చుట్టుకున్నాక మళ్లీ కుంచించుకుపోతుంది. ఆ వందల చుట్ల ఒత్తిడంతా కలిసి అంచుల్ని బయటికి నెట్టి పగలగొట్టేస్తుంది. కాబట్టి యానొడైజ్ చేసిన అల్యూమినియంది కొనుక్కో. కాకపోతే అల్లిన తాడు ఉప్పు పట్టి ఉంచుతుంది, అప్పుడప్పుడు మొత్తం విప్పి చూడాలి. అడుగున తెల్లటి పొడి కనిపిస్తే ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తోందన్నమాట.

ఎల్లోటెయిల్ చేపలకి వెళ్లేవాడికి ఇంతే చాలు. పెద్ద బ్లూఫిన్ ట్యూనా కోసమే అయితే ఒకే ముక్కగా చేసిన అల్యూమినియం ఫ్రేము, గట్టి గేర్లు, స్లీవు మూడూ కలిపే మార్చు. ఒకటి కొని రెండోది తర్వాత చూద్దాం అనుకోకు. స్టెయిన్‌లెస్ పెద్ద గేరు కంచుదంత మెత్తగా తిరగదు, హ్యాండిల్ తిప్పితే కొంచెం గరగరమంటుంది. దానికి భయపడకు. ఫ్రేములో బిగించే స్టెయిన్‌లెస్ స్క్రూలకు మాత్రం తప్పకుండా గ్రీజు రాయి. ఉప్పునీటిలో ఆ రెండు లోహాలు ఒకదాన్నొకటి తాకితే అరిగేది అల్యూమినియమే. గ్రీజు లేకపోతే రెండు సీజన్లయ్యాక స్క్రూ తిప్పబోతే తల తెగి చేతికొస్తుంది.

అయితే ఈ మూడూ లెక్కేస్తే, కాస్త వాడిన టూ స్పీడ్ రీలు ధర దగ్గరికి పోతుంది. నా మాట అడిగితే ట్యూనాకి అదే కొనుక్కో, సెనేటర్‌ను ఎల్లోటెయిల్‌కి ఉంచుకో.

ఒడ్డుకొచ్చాక గొట్టం ధారగా కొట్టకు, ఉప్పు లోపలికి తోసుకుపోతుంది. డ్రాగ్ బిగించి, పైపైన మంచినీళ్లు చిలకరించి తుడువు. ఆరాక డ్రాగ్ వదులు చేసి పెట్టు.

వాషర్లు తీసినప్పుడు వరుస తప్పకుండా ఫోటో తీసి పెట్టుకో. కిందనున్న స్లీవు ఫోటో నాకు పంపు, అరుగుదల చూసి చెప్తాను. అప్పటిదాకా గేర్లు ఆర్డర్ పెట్టకు.

మీ మామయ్య