ఏ ఎండకు ఆ గొడుగు: ఒక్క అప్‌డేట్‌తో వందల వరసలు

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. మా దేవరాపల్లి ఉన్న చోటే ఉంది. రైవాడ జలాశయం ఉన్న చోటే ఉంది. శారదా నది కూడా దారి మార్చుకోలేదు. కానీ ముందు రోజు వరకు విశాఖపట్నం జిల్లా అని రాసుకున్న మేము ఆ రోజు నుంచి అనకాపల్లి జిల్లా వాళ్లం అయిపోయాం. చోడవరం, మాడుగుల, చీడికాడ, కె.కోటపాడు అన్నీ కలిపి మొత్తం 24 మండలాలు అటు వెళ్లాయి. పాడేరు, అరకులోయ వైపు మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. పెందుర్తి మాత్రం విశాఖపట్నంలోనే ఉండిపోయింది.

మనకి ఇదొక వార్త. డేటాబేస్ చూసుకునే మనిషికి మాత్రం ఒక రాత్రి పని. ఆ పని ఎలా చేయాలో ఈ వ్యాసంలో చూద్దాం. కవితల మధ్య కోడ్ ఏంట్రా అనుకోకండి, ఇందులో తెలుగు వ్యాకరణం కూడా ఉంది. ఎస్‌క్యూఎల్ మాటలన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ల్యాబ్‌లో కొట్టేటప్పుడు కీవర్డ్‌లు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి.

ఒక కాలేజీలో రెండు టేబుల్స్ ఉన్నాయనుకుందాం. మొదటిది విద్యార్థులు. అందులో రోల్ నంబర్, పేరు, మండలం, జిల్లా ఉంటాయి. రెండోది మండలాలు. అందులో ఏ మండలం పాత జిల్లా ఏది, కొత్త జిల్లా ఏది అని ఉంటుంది. కొన్ని వరసలు ఇలా:

దేవరాపల్లి | విశాఖపట్నం | అనకాపల్లి
చోడవరం | విశాఖపట్నం | అనకాపల్లి
పాడేరు | విశాఖపట్నం | అల్లూరి సీతారామరాజు
పెందుర్తి | విశాఖపట్నం | విశాఖపట్నం
రంపచోడవరం | తూర్పు గోదావరి | అల్లూరి సీతారామరాజు

మొదట అందరికీ తట్టేది ఇది:

అప్‌డేట్ విద్యార్థులు
సెట్ జిల్లా = 'అనకాపల్లి'
వేర్ జిల్లా = 'విశాఖపట్నం';

ఇది రన్ అవుతుంది, ఎర్రర్ రాదు. కానీ పాడేరు వాళ్లనీ పెందుర్తి వాళ్లనీ కూడా తీసుకొచ్చి అనకాపల్లిలో పడేస్తుంది. సరే, జిల్లాకి ఒకటి చొప్పున 26 అప్‌డేట్‌లు రాద్దామా? దాంట్లో ఇంకో చిక్కు. పశ్చిమ గోదావరి మండలాలు కొన్ని తూర్పు గోదావరిలోకి వచ్చాయి. తూర్పు గోదావరి మండలాలు కొన్ని అల్లూరి జిల్లాలోకి వెళ్లాయి. పాత జిల్లా పేరు చూసి వరసగా మార్చుకుంటూ పోతే, మొదటి అప్‌డేట్‌లో తూర్పుకి వచ్చినవాళ్లని తర్వాతి అప్‌డేట్ మళ్లీ పట్టుకుని ఇంకో చోటికి పంపేస్తుంది. ఏది ముందు, ఏది వెనక అని లెక్క పెట్టుకుంటూ కూర్చోవాలి.

మనకి కావాల్సింది ఒక్క వాక్యం. ప్రతి వరసకీ దాని విలువ వేరేగా రావాలి. సబ్‌క్వెరీ చేసేది అదే:

అప్‌డేట్ విద్యార్థులు
సెట్ జిల్లా = (
    సెలెక్ట్ మ.కొత్త_జిల్లా
    ఫ్రమ్ మండలాలు మ
    వేర్ మ.మండలం = విద్యార్థులు.మండలం
);

బ్రాకెట్ల లోపల ఉన్నది ఒక చిన్న ప్రశ్న. అది బయట ఉన్న విద్యార్థి వరసని చూసి జవాబు చెబుతుంది. దీన్నే కోరిలేటెడ్ సబ్‌క్వెరీ అంటారు. నేను చిన్నప్పట్నుంచీ ఇంగ్లిష్ మీడియమే. ఆ పేరు నోటికి తొందరగానే వచ్చింది గానీ, బుర్రకి ఎక్కింది మాత్రం తెలుగులో చెప్పుకున్నాకే. 'విద్యార్థిది ఏ మండలమో, ఆ మండలానికి ఏ కొత్త జిల్లా రాసి ఉందో, ఆ జిల్లా పెట్టు.' ఏ అన్నది బయటి వరస, ఆ అన్నది లోపలి జవాబు. మనం రోజూ మాట్లాడే 'ఏ... ఆ...' వాక్యమే ఇది. ఏ ఎండకు ఆ గొడుగు అని అవకాశవాదుల్ని వెక్కిరిస్తాం కదా, ఇక్కడ అదే సుగుణం. ఏ వరసకు ఆ జిల్లా.

ముందు చెప్పిన ముందువెనకల గొడవ కూడా ఇందులో ఉండదు. ఒకే స్టేట్‌మెంట్ కాబట్టి ఒక్కో విద్యార్థి వరస ఒక్కసారే మారుతుంది. కొత్త జిల్లాకి చేరినవాళ్లని మళ్లీ పట్టుకునే రెండో అప్‌డేట్ లేనే లేదు.

ఇక్కడితో ఆపితే ట్యుటోరియల్ అయిపోయినట్టే. అసలు కథ ఇప్పుడే మొదలవుతుంది. లోపలి ప్రశ్నకి సరిగ్గా ఒక్క జవాబు రావాలి. ఎక్కువ వస్తే ఒక ప్రమాదం, అసలు రాకపోతే ఇంకో ప్రమాదం.

మొదటి ప్రమాదం: ఇద్దరు దేవరాపల్లిలు

మాది దేవరాపల్లి. గోదావరి వైపు దేవరపల్లి అని ఇంకో మండలం ఉంది. రెండిటికీ తేడా ఒక్క దీర్ఘం. తమాషా ఏంటంటే ఆ మండలం కూడా అదే రోజు జిల్లా మారింది, పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరికి. తెలుగులో రాస్తే రా, ర వేరు కాబట్టి గొడవ లేదు. కానీ టేబుల్‌లో పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటే ఆ దీర్ఘం ఎక్కడా కనిపించదు. రెండు ఊళ్లూ ఒకే స్పెల్లింగ్ అయిపోతాయి. అప్పుడు మా ఊరి విద్యార్థి వరస దగ్గరికి వచ్చేసరికి లోపలి ప్రశ్నకి రెండు జవాబులు వస్తాయి: అనకాపల్లి, తూర్పు గోదావరి.

మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ అయితే అక్కడే ఆగిపోయి, సబ్‌క్వెరీ ఒకటి కంటే ఎక్కువ వరసలు ఇచ్చిందని ఎర్రర్ చెబుతాయి. ఒక్క వరస కూడా మారదు. ఇది మంచి ఎర్రర్. ఎస్‌క్యూలైట్ అయితే ఏమీ అనదు, మొదట దొరికిన జవాబు తీసుకుని ముందుకెళ్లిపోతుంది. మన ల్యాబ్ ప్రాజెక్టుల్లో చాలామంది వాడేది అదే, కాబట్టి జాగ్రత్త.

ఎర్రర్ రాగానే చాలామంది సబ్‌క్వెరీ చివర లిమిట్ 1 తగిలిస్తారు. ఎర్రర్ పోతుంది. కానీ తప్పు పోదు, దాక్కుంటుంది. పోస్ట్‌గ్రెస్‌ని కూడా ఎస్‌క్యూలైట్‌లాగా నోరు మూసుకోమన్నట్టే అది. సరైన మందు పేరుతో కాకుండా కోడ్‌తో కలపడం. మండలాల టేబుల్‌లో మండల_కోడ్ అనే ప్రైమరీ కీ ఉంటే ఒక కోడ్‌కి ఒక్క వరసే ఉంటుంది. రెండో జవాబు రావడానికి దారే ఉండదు.

స్పెల్లింగ్ సరిగా లేదని లైక్ వాడదామనుకునేవాళ్లకి ఒక మాట. 'చోడవరం'తో ముగిసే పేర్లు అడిగితే చోడవరంతో పాటు రంపచోడవరం కూడా వస్తుంది. 'మాడుగుల' అడిగితే జి.మాడుగుల కూడా వస్తుంది. 2022లో చోడవరం, మాడుగుల అనకాపల్లికి వెళ్లాయి. రంపచోడవరం, జి.మాడుగుల అల్లూరి జిల్లాకి వెళ్లాయి.

నియోజకవర్గంతో కలుపుదామన్నా కుదరదు. పెందుర్తి అసెంబ్లీ నియోజకవర్గంలో ఉన్న పరవాడ, సబ్బవరం మండలాలు అనకాపల్లి జిల్లాకి వెళ్లాయి, పెందుర్తి మండలం వెళ్లలేదు. గీత గీసింది మండలాల మీద. కీ కూడా మండలమే కావాలి.

రెండో ప్రమాదం: జవాబే లేనివాళ్లు

మన కాలేజీల్లో ఒడిశా నుంచి, రాయగడ వైపు నుంచి వచ్చి చదువుకునేవాళ్లు ఉంటారు. వాళ్ల ఊరు మన మండలాల టేబుల్‌లో ఉండదు. లోపలి ప్రశ్నకి ఒక్క జవాబూ రాదు. అప్పుడు ఎస్‌క్యూఎల్ 'దొరకలేదు, వదిలేస్తున్నా' అనదు. జిల్లాలో నల్ పెట్టేస్తుంది. నిన్నటిదాకా రాయగడ అని శుభ్రంగా ఉన్న చోట ఇవాళ ఖాళీ. ఏ మార్పుతోనూ సంబంధం లేని మనిషి రికార్డు పాడవుతుంది, ఎర్రర్ కూడా రాదు.

అందుకే బయటి అప్‌డేట్‌కి కూడా ఒక వేర్ కావాలి:

అప్‌డేట్ విద్యార్థులు
సెట్ జిల్లా = (
    సెలెక్ట్ మ.కొత్త_జిల్లా
    ఫ్రమ్ మండలాలు మ
    వేర్ మ.మండల_కోడ్ = విద్యార్థులు.మండల_కోడ్
)
వేర్ ఎగ్జిస్ట్స్ (
    సెలెక్ట్ 1
    ఫ్రమ్ మండలాలు మ
    వేర్ మ.మండల_కోడ్ = విద్యార్థులు.మండల_కోడ్
);

లోపలి వేర్ ఏ విలువ పెట్టాలో చెబుతుంది. బయటి వేర్ ఎవరి జోలికి వెళ్లాలో చెబుతుంది. రెండూ వేరు వేరు పనులు. ఒకటి కంటే ఎక్కువ రాకుండా ప్రైమరీ కీ, ఒకటి కంటే తక్కువ రాకుండా ఎగ్జిస్ట్స్. ఈ రెండూ ఉంటేనే సరిగ్గా ఒక్క జవాబు.

ఇంకో చిన్న గొయ్యి. టేబుల్ పేరు లేకుండా 'వేర్ మండల_కోడ్ = మండల_కోడ్' అని రాశారనుకోండి. లోపల ఉన్న రెండు మాటలూ మండలాల టేబుల్‌వే అనుకుంటుంది ఎస్‌క్యూఎల్. తనకి తాను సమానమే కదా, కాబట్టి అన్ని మండలాలూ వచ్చేస్తాయి. అందుకే 'మ.' అనీ, 'విద్యార్థులు.' అనీ పేరు పెట్టి పిలవాలి. ఇంటిపేరు లేకుండా పిలిస్తే ఇంట్లో ఉన్నవాడే పలుకుతాడు.

రన్ చేసే ముందు ట్రాన్సాక్షన్ మొదలుపెట్టండి. అప్‌డేట్ అయ్యాక కమిట్ చేయకుండా మూడు లెక్కలు చూడండి. ఎన్ని వరసలు మారాయి? ముందు లేని నల్స్ కొత్తగా వచ్చాయా? జిల్లా వారీగా గ్రూప్ బై చేస్తే మొత్తం ముందెంతో ఇప్పుడూ అంతేనా? తేడా ఉంటే రోల్‌బ్యాక్. మైఎస్‌క్యూఎల్‌లో ఆటోకమిట్ మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టకపోతే రోల్‌బ్యాక్ అన్నా వెనక్కి రాదు.

మార్చకూడని గడి

ఇప్పుడు కోడ్ కంటే పెద్ద ప్రశ్న. అన్ని చోట్లా జిల్లా మార్చేయాలా?

నేను పుట్టినప్పుడు దేవరాపల్లి విశాఖపట్నం జిల్లాలోనే ఉంది. నా జనన ధ్రువపత్రంలో ఉన్నది అప్పటి నిజం. ఇప్పుడు నేను ఉంటున్న చిరునామాలో ఉండాల్సింది అనకాపల్లి. మొదటిది అప్‌డేట్ చేస్తే చరిత్ర మార్చినట్టు, రెండోది చేయకపోతే ఉత్తరం దారి తప్పినట్టు. ఒక కాగితంలో ఒక జిల్లా, ఇంకో కాగితంలో ఇంకో జిల్లా ఉంటే కౌంటర్ దగ్గర 'ఇందులో ఏది కరెక్టు?' అని అడుగుతారు. రెండూ కరెక్టే, తేదీలే వేరు. ఆ మాట చెప్పాల్సింది టేబుల్, క్యూలో నిలబడ్డ పిల్లాడు కాదు.

కాబట్టి జనన_జిల్లా, ప్రస్తుత_జిల్లా వేరు కాలమ్స్‌గా ఉంచి, రెండోదాన్నే సెట్‌లో పెట్టాలి. ఇంకా మంచి పద్ధతి, ప్రస్తుత జిల్లాని విద్యార్థి వరసలో దాచుకోకుండా మండల కోడ్ మాత్రం ఉంచడం. జిల్లా ఏదో మండలాల టేబుల్ చెబుతుంది. అప్పుడు అనకాపల్లి కోసం మార్చాల్సింది 24 వరసలే, విద్యార్థులు ఎంతమంది ఉన్నా సరే.

ఈ అవసరం ఒక్కసారితో తీరేది కూడా కాదు. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడింది. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. గీతలు మళ్లీ మళ్లీ గీస్తూనే ఉంటారు.

ఒక లెక్క ఇచ్చి ముగిస్తాను. చింతూరు మండలం 2014 వరకు ఖమ్మం జిల్లా, ఆ ఏడాది తూర్పు గోదావరిలో కలిసింది, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. మండల_జిల్లా అనే టేబుల్‌లో మండల_కోడ్, జిల్లా, ఎప్పటి_నుంచి అని మూడు కాలమ్స్ పెట్టండి. 2022 వరకు చూస్తే చింతూరుకి అందులో మూడు వరసలు ఉంటాయి. ఇప్పుడు ప్రతి విద్యార్థి పుట్టిన తేదీ చూసి, ఆ రోజుకి వాళ్ల మండలం ఏ జిల్లాలో ఉందో జనన_జిల్లాలో నింపండి, ఒకే అప్‌డేట్‌తో. సూచన: పుట్టిన తేదీకి ముందున్న వరసల్లో అన్నిటికంటే తాజాది కావాలి. ఇక్కడ ఆర్డర్ బై పెట్టి లిమిట్ 1 వాడొచ్చు, పైన తప్పన్నది ఇక్కడ ఎందుకు ఒప్పో కూడా రాయండి. పుట్టింది ఒక మండలం, ఇప్పుడు ఉంటున్నది ఇంకో మండలం అయినవాళ్ల సంగతి ఏం చేస్తారో అదీ చెప్పండి.