బల్లమీద అద్దం – చెట్టు నాళాల కథ

పాతకాలపు టేకు బీరువా తలుపులో మీ ముఖం ఎప్పుడైనా చూసుకున్నారా? అద్దం బిగించిన తలుపు కాదు, ఒట్టి కర్ర తలుపే! మంచి పనివాడు ఫ్రెంచి పాలిష్ చేసిన కర్రలో ఎదుటి కిటికీ ప్రతిబింబం స్పష్టంగా కనిపిస్తుంది. అదే పాలిష్‌ను తొందరపడి పూస్తే కొద్ది నెలల్లోనే పైభాగమంతా సన్నని గీతలు, గుంటలు తేలతాయి. పూసిన సరుకు ఒకటే. మరి తేడా ఎక్కడ వచ్చింది?

జవాబు కోసం ముందు చెట్టు దగ్గరకు వెళ్ళాలి. వేళ్ళు పీల్చిన నీరు దారువులోని నాళాల గుండా ఆకులకు చేరుతుందని మీరు వృక్షశాస్త్రంలో చదువుకున్నారు. చెట్టును కోసి పలక చేసినా ఆ నాళాలు మాయం కావు. చిత్రిక పట్టినప్పుడు అవి నిలువునా తెగి, పలక మీద సన్నని కాలువల్లా తెరుచుకుంటాయి. టేకులో పెద్ద నాళాల వెడల్పు సుమారు పావు మిల్లీమీటరు ఉంటుంది. చదునైన తలం మీద పడిన కాంతి క్రమ పరావర్తనం చెంది ప్రతిబింబాన్ని ఇస్తుంది. గుంటల మీద పడిన కాంతి తలా ఒక దిక్కుకు చెదిరిపోతుంది. కాబట్టి మెరుపంటే నిజానికి చదునుతనమే.

ఇక పాలిష్ సంగతి. మోదుగ, రేగు, కుసుం చెట్ల కొమ్మలమీద బతికే లక్క పురుగులు స్రవించే పదార్థమే లక్క. దాన్ని శుద్ధిచేసి పలుచని రేకులుగా తయారుచేస్తారు. ఆ రేకులను స్పిరిటులో కరిగించి, దూది ఉండకు గుడ్డ చుట్టి, దానితో పొరమీద పొరగా రుద్దడమే ఫ్రెంచి పాలిష్. ఇది 19వ శతాబ్దం మొదట్లో ఐరోపాలో బాగా వ్యాపించింది. అక్కడి బల్లలకు, పియానోలకు కావలసిన లక్క మన దేశపు అడవుల నుంచే వెళ్ళేది.

“గుంటలను లక్కతోనే నింపేస్తే సరిపోదా?” అని మీరు అడగవచ్చు. లెక్క వేసి చూద్దాం. లీటరు స్పిరిటులో 220 గ్రాముల లక్క కరిగించామనుకోండి. ఆ లక్క ఘనపరిమాణం రమారమి 200 ఘనపు సెంటీమీటర్లు. అంటే ద్రావణంలో లక్క ఆరో వంతే. మిగిలిన ఐదు వంతులూ స్పిరిటు. అది ఆవిరైపోతుంది. గుంటను అంచుదాకా నింపినా, ఆరిన తరువాత ఆరింట ఐదు వంతులు ఖాళీగానే ఉంటుంది. రెండోసారి నింపితే ఆ ఖాళీలో మళ్ళీ ఆరింట ఐదు వంతులు మిగులుతుంది. ఇలా పదిసార్లు చేసినా, పావు మిల్లీమీటరు లోతు గుంటలో ఇంకా 0.04 మిల్లీమీటరు లోటు ఉంటుంది. కాంతి తరంగ దైర్ఘ్యం సుమారు 0.0005 మిల్లీమీటరు మాత్రమే. దానికి ఈ లోటు పెద్ద లోయే! పైగా పొరలో చిక్కుకున్న కొద్దిపాటి స్పిరిటు వారాల తరబడి మెల్లగా బయటకు పోతూ ఉంటుంది. నిన్న చదునుగా కనిపించిన పొర మెల్లమెల్లగా గుంటల్లోకి కుంగేది అందుకే.

అందువల్ల ఆరినా అంతగా కుంచించుకుపోని గట్టి పదార్థంతో గుంటలను ముందే పూడ్చాలి. పనివాడు మొదట పలుచని లక్క ద్రావణం ఒక పూత వేస్తాడు. దీనివల్ల లేచిన నార గట్టిపడి, గరుకు కాగితంతో రుద్దగానే తెగిపోతుంది. లప్పంలోని రంగు కర్రలోకి ఇంకి మరకలు పడకుండా కూడా ఈ పూత కాపాడుతుంది. తరువాత కర్ర రంగుకు సరిపోయేలా రంగు కలిపిన లప్పాన్ని గుంటల్లోకి నొక్కి, మిగిలినదాన్ని నారకు అడ్డంగా తుడుస్తాడు. నార వెంబడి తుడిస్తే గుడ్డ కాలువల్లోకి దిగి లప్పాన్ని పైకి లాగేస్తుంది మరి! అది పూర్తిగా ఆరాక మళ్ళీ రుద్ది, అప్పుడు పాలిష్ మొదలుపెడతాడు.

ఇంకో పద్ధతి మరీ చిత్రమైనది. అగ్నిపర్వతపు లావా నురగలా గడ్డకడితే ప్యూమిస్ రాయి ఏర్పడుతుంది. దాని మెత్తని తెల్లపొడిని కొద్దిగా చల్లి, స్పిరిటు, లక్క తడి ఉన్న గుడ్డతో గుండ్రంగా రుద్దుతారు. పొడి కర్రను అరగదీస్తుంది. ఆ కర్ర ధూళి, ప్యూమిస్, లక్క కలిసి గుంటల్లో కూరుకుంటాయి. తెల్లపొడి తెల్లగా కనిపించదా? కనిపించదు. ప్యూమిస్‌లోని గాజుకూ లక్కకూ వక్రీభవన గుణకం 1.5 దరిదాపుల్లోనే ఉంటుంది. అందుచేత రెంటి నడుమ కాంతి దాదాపు వంగదు, చెదరదు. లక్కలో మునిగిన పొడి కంటికి మాయమవుతుంది.

ఈ చిక్కును తప్పించుకునే దారి మరొకటుంది: నాళాలు సన్నగా ఉన్న కర్రను ఎంచుకోవడం. మన ఏటికొప్పాక బొమ్మల పనివారు వాడే అంకుడు కర్ర అటువంటిదే. దాని నాళాలు కంటికి ఆననంత సన్నవి. తరిణ మీద తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి నేరుగా అంటుకుంటుంది. స్పిరిటు లేదు కనుక అది ఆవిరై పొర కుంగడమూ లేదు.

మీరే చేసి చూడండి: తెల్లకాగితం మీద ఒక చుక్క నూనె వేసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. కాగితపు నారల మధ్య గాలి ఉన్నచోట నూనె చేరగానే మరక పాక్షికంగా పారదర్శకమవుతుంది. ప్యూమిస్ పొడి మాయమైనదీ ఇదే సూత్రంతో. పాలిష్ పని మాత్రం పెద్దల సమక్షంలోనే చేయాలి. స్పిరిటు విషం, పైగా ఇట్టే అంటుకుంటుంది.

చివరగా మీకొక లెక్క: పై గుంటను లక్కతో ఇరవైసార్లు నింపితే ఎంత లోటు మిగులుతుంది? అది కాంతి తరంగ దైర్ఘ్యానికి ఎన్ని రెట్లు?