గంట కొట్టేవాళ్లు, వినేవాళ్లు (సి షార్ప్‌లో ఈవెంట్లు)

మన బడిలో గంట కొట్టే అన్న ఎవరెవరు వింటున్నారో లెక్క చూడడు. కొట్టి వెళ్లిపోతాడు. వంటమ్మ విని పొయ్యి దగ్గరికి పోతుంది, మనం విని ప్రేయరుకు పోతాం. ఆబ్జెక్టులతో ప్రోగ్రాం రాసే పద్ధతిలో దీన్నే ఈవెంట్ అంటారు. కొట్టడం అంటే ఈవెంట్‌ను రైజ్ చేయడం. విన్నాక చేసే పనిని హ్యాండ్లర్ అంటారు. 2002లో వచ్చిన సి షార్ప్ భాషలో ఇది ఎలాగో చూద్దాం.

వినాలనుకున్నవాళ్లు += గుర్తుతో పేరు రాయించుకోవాలి. వద్దనుకుంటే -= తో తీసేసుకోవాలి. బయటి క్లాసులకు ఈ రెండే హక్కులు. గంట కొట్టే హక్కు ఈవెంట్ ఉన్న క్లాసుకే ఉంటుంది. లేకపోతే మన మూడో తరగతి పిల్లల్లాగ ఎవరు పడితే వాళ్లు కొట్టేస్తారు!

మన గంట ఎవరూ వినకపోయినా మోగుతుంది. సి షార్ప్ గంట అలా కాదు. ఒక్క పేరు కూడా లేకపోతే ఆ ఈవెంట్ నల్‌గా ఉంటుంది, అనగా అక్కడ ఏమీ లేదు. లేనిదాన్ని పిలిస్తే ఎక్సెప్షన్ వచ్చి ప్రోగ్రాం ఆగిపోతుంది. ముందు ఇఫ్ పెట్టి చూస్తే సరిపోదా అంటారేమో. చాలదు. రెండు థ్రెడ్లు ఒకేసారి నడుస్తుంటే, మనం చూసిన తర్వాత, కొట్టేలోపల చివరి పేరు కూడా పోవచ్చు. అందుకని పేర్ల జాబితాను ముందే ఒక లోకల్ వేరియబుల్‌లో పెట్టుకుని దాన్నే చూసి, దాన్నే పిలవాలి. ఎవరు చేరినా, పోయినా కొత్త జాబితా తయారవుతుంది గానీ మన చేతిలోది మారదు. 2015లో వచ్చిన సి షార్ప్ 6 నుంచి ?.ఇన్వోక్ అని రాస్తే ఇదంతా ఒక్క లైనులో అయిపోతుంది. కాకపోతే అప్పుడే పేరు తీసేసుకున్న హ్యాండ్లర్‌కు కూడా ఒకసారి పిలుపు పోవచ్చు.

ఇప్పుడు అసలు భయపడాల్సిన సంగతి. హాస్టల్ కోసం ఒక ప్రోగ్రాం రాశామనుకోండి. ఎవరికైనా జ్వరం 103 దాటితే ఈవెంట్. మూడు హ్యాండ్లర్లు: ఒకటి రిజిస్టరులో రాస్తుంది, ఒకటి వార్డెన్ మేడంకు మెసేజి పంపుతుంది, ఒకటి నర్సమ్మకు కబురు చేస్తుంది. పేరు రాయించుకున్న వరసలోనే పిలుపు పోతుంది. రిజిస్టరు ఫైలు దొరక్క మొదటిదే ఎక్సెప్షన్ ఇచ్చిందంటే మిగతా రెండూ నడవవు. ఆ పిల్ల దుప్పటి కప్పుకుని వణుకుతూనే ఉంటుంది. వానాకాలం మలేరియా రోజుల్లో ఇది ఎంత పనో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అందుకని గెట్ ఇన్వొకేషన్ లిస్ట్‌తో హ్యాండ్లర్లను విడివిడిగా తీసుకుని, ఒక్కొక్క పిలుపునూ ట్రై, క్యాచ్ మధ్యలో పెట్టాలి. క్యాచ్‌ను ఖాళీగా వదలకూడదు. అందులో తప్పు రాసి పెట్టకపోతే రిజిస్టరు పాడైన సంగతి నెలల తరబడి ఎవరికీ తెలియదు. బటన్ రంగు మార్చడానికి ఇంత అక్కర్లేదని నా అభిప్రాయం. జ్వరానికి మాత్రం కావాలి.

ఇంకొకటి. టెన్త్ అక్కలు వెళ్లిపోయినా హాజరు పట్టీలో పేర్లు అలాగే ఉంటే ఎలా? పని అయిపోయిన ఆబ్జెక్టు -= చేయకపోతే, గంట ఉన్నంతకాలం అదీ మెమరీలోనే ఉండిపోతుంది. పేరు లేని లాంబ్డా పెడితే తర్వాత తీసేయడం కష్టం. తీసేయాల్సిన హ్యాండ్లర్‌ను పేరున్న మెథడ్‌గానే రాయండి.