చపాతీ లేని రాత్రి: గోధుమ తగ్గించి గబగబా వండుకునే నలభై చిట్కాలు

రాత్రి ఏడున్నరకి ఇంటికొచ్చి, పిండి తడిపి, ఉండలు చేసి, ఒత్తి, కాల్చి, మళ్లీ దాంట్లోకి కూర వండేసరికి తొమ్మిదిన్నర. మా ఇంట్లోనూ ఏళ్ల తరబడి ఇదే తంతు. మా ఆడపడుచుకి గోధుమల్లోని గ్లూటెన్ పడదని డాక్టరుగారు తేల్చాక, ఆవిడ ఉన్నన్నాళ్లూ ఏం వండాలా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. తీరా ఆలోచిస్తే మా అమ్మమ్మ వంటింట్లో అసలు గోధుమపిండి డబ్బానే ఉండేది కాదు! పెసరట్టు, ఉప్పుడు పిండి, జొన్నరొట్టె, సంకటి... అన్నీ మనవే, చాలావరకు చపాతీ కంటే తొందరగా అయ్యేవే. ఆడపడుచు ఊరెళ్లిపోయినా మా రాత్రి వంట మాత్రం ఇలాగే ఉండిపోయింది. నేను చేసి చూసి, కుదిరినవే చెబుతున్నాను.

ముందు అలమర సర్దండి

1. గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా అన్నీ ఒకే ఇంటి బిడ్డలు, వాటిని పై అరలోకి ఎక్కించేయండి. బియ్యప్పిండి, జొన్నపిండి, రాగిపిండి, సెనగపిండి, ఇడ్లీ రవ్వ, అటుకులు పొయ్యి పక్కన పెట్టుకుంటే అలసిపోయిన రాత్రి చెయ్యి వాటి మీదికే పోతుంది.

2. ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చదవండి. చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుపుతారు. బియ్యప్పిండి కలిపినది దొరికితే తెచ్చుకోండి, లేదంటే నాలుగు వెల్లుల్లి రెబ్బలు దంచి తిరగమోతలో వేయండి, ఇంగువ లేదని ఎవరూ అడగరు.

3. కొనుక్కొచ్చే సాంబారు పొడి, రసం పొడి, అప్పడాల్లోకీ అదే ఇంగువ వెళ్తుంది. నాలుగు చెంచాల ధనియాలు, చెంచా చొప్పున మిరియాలు, జీలకర్ర, కందిపప్పు, ఐదారు ఎండుమిర్చి వేయించి దంచుకుంటే నెలకి సరిపడా రసం పొడి పావుగంటలో తయారు.

4. పాకెట్టు మీద ‘గ్లూటెన్ ఫ్రీ’ అని వేయాలంటే కిలోలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములకి మించకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. పిండ్లకీ పొడులకీ ఆ మాట చూడండి, బియ్యానికీ కందిపప్పుకీ పుట్టుకతోనే గ్లూటెన్ లేదు కాబట్టి ఆ మాట కోసం అదనంగా డబ్బు పోయకండి.

5. పిండిమరలో ముందువాళ్లు గోధుమలు ఆడిస్తే ఆ పిండి మన జొన్నల్లోకీ వస్తుంది. పూర్తిగా మానాల్సినవాళ్లు ఇంట్లో ఉంటే గ్లాసు జొన్నలు మిక్సీలో వేసి జల్లించుకోండి, ఇద్దరికి సరిపడా రొట్టెలవుతాయి.

6. చవగ్గా వచ్చిందని జొన్నపిండి నెలల తరబడికి తెచ్చిపెట్టుకోకండి. పాతబడితే చేదెక్కుతుంది, రొట్టె విరుగుతుంది. పదిహేను రోజులకి సరిపడా తెస్తే పారబోసే పని ఉండదు.

7. ఓట్స్‌లో పుట్టుకతో గోధుమ లేకపోయినా పొలంలోనో మిల్లులోనో కలుస్తుంది. పాకెట్టు చూసి తెచ్చుకోండి, లేదా ఆ డబ్బుతో రెండింతలు అటుకులు తెచ్చుకోండి.

8. ఇంట్లో ఫ్రైడ్ రైస్ చేస్తే సోయా సాస్ మానేయండి, దాన్నీ మామూలుగా గోధుమ కలిపే చేస్తారు. మిరియాల పొడి, నిమ్మరసం, కాస్త వెల్లుల్లి చాలు, ఒక సీసా ఖర్చు మిగులుతుంది.

పొద్దున ఐదు నిమిషాలు, రాత్రి అరగంట లాభం

9. పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు గ్లాసు పెసలు నానేయండి. రాత్రి అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో రుబ్బి వెంటనే పోసుకోవచ్చు, పులియబెట్టే పనే లేదు.

10. ఎండాకాలంలో ఆ పెసల గిన్నె ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లండి. బయటే వదిలేస్తే సాయంత్రానికి నీళ్లు నురగకట్టి వాసనొస్తాయి.

11. నానేయడం మర్చిపోయారా? పెసరపప్పు వేడినీళ్లలో అరగంట ఉంచితే చాలు. మీరు కాళ్లు కడుక్కుని, టీ తాగి వచ్చేసరికి రుబ్బడానికి సిద్ధం.

12. పెసలతో పాటు గుప్పెడు బియ్యం నానేస్తే అట్టు అంచులు కరకరలాడతాయి, పెనానికి అంటుకోదు, నూనె కూడా తక్కువ పడుతుంది.

13. ఆదివారం పావుకిలో చింతపండు పులుసు తీసి, పసుపు, ఉప్పు, పచ్చిమిర్చి, నూనె వేసి దగ్గరపడేదాకా ఉడికించి సీసాకెత్తండి. ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంటుంది, ఏ రాత్రయినా పది నిమిషాల్లో పులిహోర.

14. వేయించిన పల్లీలు, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు కలిపి బరకగా పొడి కొట్టి ఉంచండి. నీళ్లు కలిపితే అట్టులోకి చట్నీ, పెరుగు కలిపితే రొట్టెలోకి పచ్చడి, ఊరకే చల్లితే వేపుడులోకి కమ్మదనం.

15. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, సెనగపప్పు ఒకే డబ్బాలో కలిపేసుకోండి. నాలుగు మూతలు తీసే చోట ఒకటే మూత, నూనె మాడిపోయే లోపు తిరగమోత పడిపోతుంది.

చపాతీ స్థానంలో రొట్టెలు, అట్లు

16. జొన్నరొట్టె విరుగుతోందంటే తప్పు మీ చేతిది కాదు, నీళ్లది. గ్లాసు పిండికి దాదాపు గ్లాసు నీళ్లు ఉప్పేసి మరగనిచ్చి, పిండి వేసి పొయ్యి కట్టేసి, ఐదు నిమిషాలు మూతపెట్టి, వేడి మీదే బాగా మర్దించండి.

17. చేత్తో తట్టడం రాకపోతే నూనె రాసిన అరటాకు ముక్క మీదో తడిగుడ్డ మీదో ఒత్తండి. గుడ్డతో సహా పెనం మీద బోర్లించి మెల్లగా లాగేస్తే గుండ్రటి రొట్టె చెక్కుచెదరకుండా దిగుతుంది.

18. రొట్టె పెనం మీద పడగానే పైన తడిచేత్తో నీళ్లు రాయండి. పొడిపిండి పోతుంది, పగుళ్లు మూసుకుంటాయి, చల్లారినా అట్టముక్కలా గట్టిపడదు.

19. ఇదంతా ఓపిక లేదంటే గ్లాసు జొన్నపిండి, పావుగ్లాసు బియ్యప్పిండి, అరగ్లాసు మజ్జిగ, ఉల్లి, జీలకర్ర నీళ్లగా కలిపి రవ్వదోసెలా చల్లండి. కలిపిన పది నిమిషాలకే చిల్లులు చిల్లులుగా దోసెలు.

20. బియ్యప్పిండిలో నానిన సెనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లి, కరివేపాకు, కారం కలిపి నూనె రాసిన మూకుడులో చేత్తో అద్దితే తెలంగాణ సర్వపిండి. వేలితో చిల్లులు పెట్టి అందులో నూనె చుక్కలు వేసి మూతపెట్టండి, కూర లేకుండానే భోజనం అయిపోతుంది.

21. సర్వపిండికి మూకుళ్లు రెండు పెట్టుకోండి. ఒకటి పొయ్యి మీద కాలుతుంటే రెండోది చల్లారుతుంది. వేడి మూకుడులో అద్ది వేళ్లు కాల్చుకోవడం నాకు బాగా అనుభవమే!

22. ఇడ్లీ పిండి అడుగున మిగిలిందా? మందపాటి మూకుడులో రెండు చెంచాల నూనె వేసి మొత్తం పోసేసి, మూతపెట్టి సిమ్‌లో పావుగంట ఉంచండి, దిబ్బరొట్టె దానంతటదే ఎర్రగా కాలుతుంది, ఈలోగా మీరు గిన్నెలు తోముకోవచ్చు.

23. పులిసిపోయిన దోసెపిండి పారబోయకండి. ఉల్లి, పచ్చిమిర్చి, క్యారట్ తురుము కలిపి గుంతపొంగనాలు వేస్తే పిల్లలు పులుపు సంగతే గుర్తించరు.

24. ఏమీ నానేయలేదు, ఏమీ రుబ్బలేదు అన్న రోజుకి సెనగపిండి అట్టు ఉంది. టమాటా, ఉల్లి, కొత్తిమీర, చిటికెడు వాము వేసి జారుగా కలిపితే నలుగురికి ఇరవై నిమిషాల పని.

25. ఇంట్లో ఒకరికి చపాతీ తప్పదంటే ముందు జొన్నరొట్టెలు కాల్చేసి, తర్వాతే గోధుమపిండి బయటికి తీయండి. డాక్టరు పూర్తిగా మానమన్నవాళ్లకి మాత్రం పెనం, జల్లెడ, పీట వేరుగా ఉండాల్సిందే, ఇక్కడ మొహమాటం పనికిరాదు.

ఒకే గిన్నెలో అయిపోయేవి

26. ఉప్పుడు పిండికి లెక్క సులువు: గ్లాసు బియ్యపు రవ్వకి రెండు గ్లాసుల నీళ్లు, నానిన పెసరపప్పు గుప్పెడు. తిరగమోతలో నీళ్లు మరిగాక రవ్వ పోసి సిమ్‌లో మూతపెట్టండి, అడుగున కట్టే ఎర్రటి చెక్క కోసం మా ఇంట్లో పోట్లాటే.

27. బియ్యపు రవ్వ కొననక్కర్లేదు. కడిగి ఆరబెట్టిన బియ్యాన్ని మిక్సీలో రెండు తిప్పులు తిప్పి జల్లించండి, పైన రవ్వ ఉప్పుడు పిండికి, కింద పిండి వేపుళ్లకి.

28. కొర్రలు పొద్దున నానేసి వెళ్తే రాత్రి గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్లు, రెండు విజిల్స్ చాలు. పళ్లెంలో ఆరబోసి చింతపండు గుజ్జు కలిపితే పొడిపొడిగా కొర్ర పులిహోర.

29. ఉప్మా పెసరట్టు మీద ప్రాణం కొట్టుకునేవాళ్లు బొంబాయి రవ్వ బదులు కొర్ర రవ్వతో ఉప్మా చేయండి, గ్లాసుకి రెండున్నర గ్లాసుల నీళ్లు. పెసరట్టు మడతపెట్టాక తేడా కనిపెట్టడం కష్టం.

30. మధ్యాహ్నం అన్నం మిగిలితే నీళ్లుపోసి మెత్తగా ఉడికించి, సగానికి సగం రాగిపిండి పైన కుప్పగా పోసి మూతపెట్టండి. ఏడెనిమిది నిమిషాలయ్యాక తెడ్డుతో గట్టిగా కలిపితే ఉండ కట్టకుండా రాగిసంకటి వస్తుంది, ముందే కలిపితేనే ఉండలు.

31. గ్లాసు బియ్యం, అరగ్లాసు పెసరపప్పు, ఐదు గ్లాసుల నీళ్లు, నాలుగు విజిల్స్: కట్టెపొంగలి. మిరియాలు, జీలకర్ర, జీడిపప్పు నేతిలో వేయించి పోస్తే జ్వరం నోటికి కూడా హితవుగా ఉంటుంది.

32. మందం అటుకులు కడిగి వడకట్టి పది నిమిషాలు వదిలేయండి, పెరుగు, తిరగమోత కలిపితే అటుకుల దద్దోజనం. గ్యాస్ వెలిగేది తిరగమోతకి మాత్రమే.

33. బొరుగులు నీళ్లలో ముంచి వెంటనే పిండేయండి, నానితే ముద్దవుతాయి. ఉల్లి, టమాటా వేగాక వేసి పైన పుట్నాల పొడి చల్లితే రాయలసీమ ఉగ్గాని పదిహేను నిమిషాల్లో పళ్లెంలో ఉంటుంది.

34. కుక్కర్‌లో కింద కందిపప్పు, టమాటా, మధ్యలో బియ్యం, పైన బంగాళదుంపలు పేర్చేయండి. ఒక్క పొయ్యి మీద పప్పు, అన్నం, వేపుడు ముక్కలు మూడూ ఉడుకుతాయి, సిలిండరు నాలుగు రోజులు ఎక్కువొస్తుంది.

పక్కన పెట్టేవాటిలో జాగ్రత్తలు

35. పులుసు పల్చగా ఉందని మైదా కలపకండి. చెంచా బియ్యప్పిండి చన్నీళ్లలో జారుగా కలిపి మరుగుతున్న పులుసులో పోస్తే రెండు నిమిషాల్లో చిక్కబడుతుంది, రుచీ మారదు.

36. బెండకాయ, అరటికాయ వేపుడు దింపే ముందు చెంచా బియ్యప్పిండి, చెంచా సెనగపిండి చల్లి ఒక్కసారి తిప్పండి. జిగురు పోయి కరకరలాడుతుంది.

37. కట్లెట్లకి బ్రెడ్ పొడి అక్కర్లేదు. అటుకులు ఒట్టి మూకుడులో వేయించి పొడి కొట్టి అద్దండి, నూనె తక్కువ పీలుస్తుంది.

38. పిల్లలు రాత్రి పాలల్లో కలుపుకునే మాల్ట్ పొడుల్లో చాలావాటికి బార్లీ, గోధుమే ఆధారం. రాగులు మొలకెత్తించి, ఆరబెట్టి, వేయించి పొడి చేసుకోండి, ఖర్చు తక్కువ, డబ్బాలో ఏముందో మీకు తెలుసు.

39. బయట తినక తప్పకపోతే ఇడ్లీ, తిరగమోత పెట్టని కొబ్బరి చట్నీ, పెరుగన్నం అడగండి, ఇంగువ పడే సాంబారు వద్దనండి. పూరీలు వేగిన నూనెలోనే గారెలూ వేగుతాయన్న సంగతి గుర్తుంచుకోండి.

40. కడుపు ఉబ్బరంగా ఉందని మీ అంతట మీరే గోధుమ పూర్తిగా మానేసి, తర్వాత పరీక్షకి వెళ్లకండి, అప్పటికే మానేస్తే రక్తపరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు. ముందు డాక్టరు, తర్వాత డైటు.

ఇన్ని ఒక్కసారిగా పెట్టుకుంటే ఏదీ జరగదు. మా ఇంట్లో వరస ఇదీ: సోమవారం పెసరట్టు, మంగళవారం ఉప్పుడు పిండి, బుధవారం జొన్నరొట్టె, గురువారం పొంగలి, శుక్రవారం పులిహోర, శనివారం దిబ్బరొట్టె, ఆదివారం ఎవరి ఓపిక వాళ్లది. మీరు మాత్రం ఒక్క పెసరట్టుతో మొదలుపెట్టండి. రేపు పొద్దున పాలగిన్నె పొయ్యి మీద పెట్టగానే పెసల డబ్బా మూత తీయండి, రాత్రి ఎనిమిదిన్నరకల్లా మీ భోజనాలు అయిపోకపోతే వచ్చి నన్నడగండి!